కిరాయి గదికి పథకం లేదు

హైదరాబాద్‌లో బోరబండ, రహ్మత్‌నగర్, జగద్గిరిగుట్ట, అడ్డగుట్ట లాంటి బస్తీల్లో గది కోసం తిరిగితే ప్రతి గల్లీలో ఒకటో రెండో ‘టు లెట్’ బోర్డులు కనిపిస్తాయి. గది అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పైన రేకులు, ఒక మూల గ్యాస్ స్టవ్ పెట్టుకోవడానికి గట్టు, బయట నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక బాత్రూం. ఓనర్ అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకటే వరసలో వస్తాయి. ఎంతమంది ఉంటారు, చుట్టాలు వస్తుంటారా, ఏం పని చేస్తారు, ఏ ఊరు? ఊరు దగ్గర మొదలైన మాట కులం దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. అక్కడ గట్టెక్కితే ఇక లెక్కలు. రెండు నెలల అడ్వాన్స్, ఖాళీ చేసేటప్పుడు సున్నానికి కోత, సబ్ మీటర్ మీద యూనిట్‌కు ఇంత, నీళ్లకు వేరే. కాగితం మాత్రం రాసివ్వరు.

ఆ గదిలో దిగే కుటుంబానికి రేషన్ బియ్యం అందవచ్చు, ఇంట్లో పెద్దవాళ్లుంటే పింఛను రావచ్చు, జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ ఉంటుంది. కానీ నెల మొదటి వారంలో అన్నిటికన్నా ముందు కట్టాల్సిన కిరాయి విషయంలో ప్రభుత్వం నుంచి వచ్చేది ఏమీ లేదు. ఎప్పటికైనా సొంతిల్లు ఇస్తామన్న మాట ఒక్కటే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, పేదల ఇళ్ల విధానం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతోంది. ఇల్లు ఇస్తే పట్టాగా ఇవ్వాలి, లేదంటే ఏమీ లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న కిరాయిదారుకు ఒక్క పథకమూ లేదు.

ఈ పట్టా ఆలోచన ఊరికే పుట్టలేదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక పక్కా ఇళ్ల కార్యక్రమం ఊపందుకుంది. 2006లో ఇందిరమ్మ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో 2015 నుంచి డబుల్ బెడ్‌రూం ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో (పట్టణాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఇళ్లు, 2020 డిసెంబర్ 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు, 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించిన కొత్త ఇందిరమ్మ ఇళ్లు. పేర్లు మారాయి, రంగులు మారాయి, లోపలి సూత్రం మాత్రం ఒకటే: స్థలమో ఇల్లో లబ్ధిదారు పేరున రాసివ్వడం. పల్లెలో ఈ సూత్రం పనిచేసింది. భూమి లేని కుటుంబానికి, ముఖ్యంగా ఊరి చివర దళిత వాడలో ఉన్న కుటుంబానికి, ఆడమనిషి పేరున వచ్చిన ఇంటి పట్టా ఎంత ధైర్యమో చూసినవాళ్లకు తెలుసు. పొలం పని పక్కనే ఉంటుంది, బడి పక్కనే ఉంటుంది, ఇల్లు ఒకచోట స్థిరపడితే నష్టమేమీ లేదు.

పట్నంలో అలా కాదు. మేస్త్రీ వెంట తిరిగే కూలీకి ఈ ఏడాది పని నార్సింగిలో ఉంటే వచ్చే ఏడాది ఉప్పల్‌లో ఉంటుంది. నాలుగు ఇళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ నాలుగు ఇళ్లూ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే గిట్టుబాటు. ఇలాంటివాళ్లకు కావలసింది పనికి దగ్గరగా, జీతానికి తగ్గ కిరాయిలో, ఎప్పుడు ఖాళీ చేయమంటారో అన్న టెన్షన్ లేని గది. మన పథకాల్లో దేనిలోనూ అలాంటి గది లేదు.

ఎంతమందికి ఇళ్ల కొరత ఉందో కేంద్రం 2012లో ఒక నిపుణుల బృందంతో లెక్క కట్టించింది. దేశంలోని పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువ ఉన్నాయని తేలింది. అందులో 95 శాతం దాకా బలహీన, అల్పాదాయ వర్గాలవే. ఈ లెక్కను విప్పి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అసలు గూడే లేనివాళ్లు ఆ మొత్తంలో 5 లక్షల చిల్లర కుటుంబాలే. దాదాపు 1.5 కోట్ల కుటుంబాలది ఇరుకు సమస్య, అంటే ఒకే గదిలో రెండు జంటలు, అత్తామామలు, ఎదిగిన పిల్లలు సర్దుకుని బతకడం. అంతకు ఏడాది ముందు జరిగిన 2011 జనాభా లెక్కల్లో మాత్రం పట్టణాల్లో కోటీ 10 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. కొరత ఉన్నవాళ్లూ ఖాళీ ఇళ్లూ ఒకే ఊళ్లో ఉండి కూడా కలవడం లేదు. అదే జనాభా లెక్కల ప్రకారం పట్టణ కుటుంబాల్లో నూటికి 27 పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. నాలుగో వంతుకు మించిన జనం ఉంటున్న పద్ధతిని మన రాష్ట్రాల గృహ విధానం పట్టించుకోకపోవడం చిన్న లోటు కాదు.

డబుల్ బెడ్‌రూం పథకాన్నే దగ్గరగా చూద్దాం. సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీలో 2015లో 396 ఇళ్లు కట్టారు. ఒక్కో ఇంట్లో రెండు పడక గదులు, హాలు, వంటిల్లు. అక్కడ అంతకుముందు శిథిలమైన ఇళ్లలో ఉన్న కుటుంబాలకే అదే చోట ఇచ్చారు. వాళ్ల పని మారలేదు, పిల్లల బడి మారలేదు, ఇరుగుపొరుగు మారలేదు. మంచి ఇల్లు మాత్రం వచ్చింది. ప్రభుత్వం కట్టిన ఇల్లు ఎలా ఉండాలో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నగరంలో దొరకదు.

తర్వాత లక్ష ఇళ్ల లక్ష్యం పెట్టుకున్నాక ఆ పద్ధతి మారిపోయింది. బస్తీల్లో ఉన్నచోటే కట్టాలంటే అక్కడివాళ్లను ఒప్పించాలి, కట్టేదాకా వాళ్లు వేరే కిరాయికి ఉండాలి, ఇరుకు సందుల్లోకి లారీలు పోవాలి. అన్నీ ఆలస్యమే. అందుకని పెద్ద పెద్ద సముదాయాలు నగరం అంచుల్లో లేచాయి. వాటిలో అతి పెద్దది సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఉంది. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. 2023 జూన్ 22న ప్రారంభించారు. లోపల రోడ్లున్నాయి, డ్రైనేజీ ఉంది, లిఫ్టులున్నాయి. కట్టడం వరకు తక్కువ చేసి మాట్లాడటానికి ఏమీ లేదు. ఇబ్బంది అంతా దూరంతోనే. ఖైరతాబాద్‌లోనో మలక్‌పేటలోనో పొద్దున్నే ఆరింటికి పనిలో ఉండాల్సిన మనిషి అక్కడి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలి? రెండు బస్సులు మారి, మధ్యలో షేర్ ఆటో ఎక్కి వెళ్తే రోజుకు ఛార్జీలే వంద దాటితే, ఉచితంగా వచ్చిన ఇంటికి ఆ ఛార్జీయే కిరాయి అవుతుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది కానీ దారిలో పోయే మూడు గంటలు ఎవరూ తిరిగి ఇవ్వరు. ఇలాంటి సముదాయాల్లో తాళాలు వేసి ఉన్న ఫ్లాట్లు, ఇంకొకరికి కిరాయికి ఇచ్చిన ఫ్లాట్లు బయటపడుతూనే ఉన్నాయి. వాటిని లబ్ధిదారుల మోసంగా చూడటం తేలిక. కానీ చాలామంది విషయంలో జరిగింది ఇది: కొల్లూరు ఫ్లాట్‌ను వేరేవాళ్లకు ఇచ్చి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి, పని దగ్గర ఉన్న పాత బస్తీలో మళ్లీ కిరాయి గది తీసుకున్నారు. తమకు ఏది అవసరమో వాళ్లు కాళ్లతో నడిచి చెప్పారు.

కొల్లూరు ప్రారంభమైన నెలన్నరకే, 2023 ఆగస్టు 3న, కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలం జరిగింది. ఎకరం అత్యధికంగా 100.75 కోట్లకు పోయింది. ప్రభుత్వం చేతిలో నగరం నడిబొడ్డునో, ఉద్యోగాలున్న చోటనో భూమి లేక పేదలను దూరం పంపలేదు. ఆ భూమిని ఖజానా కోసం అమ్మాలని, పేదల ఇళ్లకు చవక భూమి వెతకాలని నిర్ణయించుకుంది. బడ్జెట్ కష్టాలు అర్థం చేసుకోవచ్చు. అయితే ఎకరానికి వంద కోట్లు పలికే చోట లేచే ఒక్కో టవర్‌కూ వంద మంది పనివాళ్లు కావాలి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డ్రైవర్లు, వంటవాళ్లు, ఆయాలు. వాళ్లు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నను ఆ వేలం ప్రకటనలో గానీ, ఆ లేఅవుట్‌లో గానీ ఎవరూ వేయలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఆ టవర్ల వెనక గల్లీల్లో రేకుల షెడ్ల రూపంలో దొరుకుతోంది.

లక్ష ఇళ్లకు నగర పరిధిలో వచ్చిన దరఖాస్తులు 7 లక్షల పైచిలుకు. లాటరీ తీశారు. ఒక పేరు తగిలితే 8 లక్షలకు పైగా ప్రజాధనంతో కట్టిన ఇల్లు పూర్తి ఉచితం. తగలకపోతే సున్నా. ఒకే గల్లీలో, ఒకే ఆదాయంతో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు కుటుంబాల మధ్య ఇంత తేడా చేసే సంక్షేమం మనకు ఇంకెక్కడా కనిపించదు. పింఛను లాటరీ తీసి ఇవ్వరు, రేషనూ లాటరీ తీసి ఇవ్వరు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మామూలు సంగతి అయిపోయింది.

ఒక లెక్క వేసి చూడండి. నెలకు 2,000 రూపాయల అద్దె సాయం ఇస్తే ఏడాదికి 24,000. ఒక ఇంటికి పెట్టిన 8 లక్షలతో ఒక కుటుంబానికి 33 ఏళ్లు అద్దె సాయం ఇవ్వొచ్చు, లేదా 11 కుటుంబాలకు మూడేళ్ల చొప్పున. పల్లె నుంచి వచ్చిన కుటుంబానికి నగరంలో కాస్త నిలదొక్కుకోవడానికి ఆ మూడేళ్లే కీలకం. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: అద్దె సాయం ఖర్చయిపోతుంది, ఇల్లు మిగులుతుంది కదా అని. నిజమే, కట్టిన ఇల్లు ఆస్తి. అయితే ఆ ఆస్తి ఎవరిదిగా మిగులుతోంది? అదే ఇల్లు ప్రభుత్వం చేతిలో ఉండి తక్కువ కిరాయికి తిరిగితే అరవై ఏళ్లలో ఎన్నో కుటుంబాలకు పనికొస్తుంది. పట్టాగా ఇచ్చేస్తే ఒకే కుటుంబానికి, ఒకేసారి.

ఇచ్చిన పట్టా కూడా చాలాసార్లు పేదల చేతిలో నిలవదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని నిషేధించింది. అయినా కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో బాండ్ పేపర్ మీద, నోటరీ చేయించి అమ్మకాలు జరుగుతూనే వచ్చాయి. చట్టవిరుద్ధం కాబట్టి ధర సగమే పలుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సవరణ చేసి ఇంటి స్థలాలను ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చన్నారు, 2021లో దాన్ని పదేళ్లకు తగ్గించారు. అమ్ముకునే హక్కు పేదలకు ఉండాలి, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ ప్రతి తరానికీ కొత్త భూమి సేకరించి, కొత్త కాలనీ వేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఈ పద్ధతిలో ప్రజల చేతిలో ఎప్పటికీ ఇళ్ల నిల్వ తయారు కాదు. నీళ్లు పోస్తూనే ఉంటాం, కుండ నిండదు.

ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్ల కథ ఇంకో రకం బాధ. పట్టణ పేదలకు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఫ్లాట్లు కట్టడం మొదలుపెట్టారు. కొంత కేంద్రం, కొంత రాష్ట్రం, మిగతాది లబ్ధిదారు పేరున బ్యాంకు రుణం. ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి, ఇళ్ల సంఖ్య తగ్గించారు, 300 అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు. మళ్లీ ప్రభుత్వం మారింది. ఈ మధ్యలో ఇల్లు చేతికి రాకుండానే రుణం కిస్తీ కట్టమని నోటీసులు అందుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లు అప్పటికే అద్దె ఇంట్లో ఉన్నారు. అంటే ఒక చేత్తో ఇంటి ఓనర్‌కు అద్దె, ఇంకో చేత్తో కళ్లతో కూడా చూడని ఇంటికి కిస్తీ. నిర్మాణం ఆలస్యమైతే ఆ నెలల అద్దె ఎవరు భరించాలన్న నియమం ఏ ఉత్తర్వులోనూ కనపడదు. దాన్ని రాయాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే విధానం కళ్లకు లబ్ధిదారు ఒక్కరే కనిపిస్తారు, కిరాయిదారు కనిపించరు.

కేంద్రంలో కూడా ఇదే చూపు ఉండేది. 2015 జూన్‌లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో నాలుగు విభాగాలున్నాయి, అద్దె ఇళ్లు వాటిలో లేవు. మంజూరైన ఇళ్లలో ఎక్కువ భాగం సొంత స్థలం ఉన్నవాళ్లు కట్టుకునేవే. స్థలమే లేనివాళ్లు ఆ వరసలో చివరన నిలబడ్డారు. 2020 వేసవి వచ్చేదాకా దీన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్లు లేరు. లాక్‌డౌన్‌లో పని ఆగింది, పని లేకపోతే కిరాయి లేదు, కిరాయి లేకపోతే గది లేదు. వలస కార్మికులు వందల మైళ్లు నడిచి ఊళ్లకు పోవడానికి ఆకలి ఎంత కారణమో కిరాయి అంత కారణం. ఆ జూలైలోనే కేంద్రం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. పాత పథకాల్లో కట్టి, ఎవరూ దిగక ఖాళీగా పడి ఉన్న 80 వేలకు పైగా ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి అద్దెకివ్వాలన్నది మొదటి దారి. సంస్థలు సొంత స్థలాల్లో కట్టి అద్దెకివ్వడం రెండో దారి. మూడేళ్లు గడిచాక చూస్తే మొదటి దారిలో అద్దెకు మారిన ఇళ్లు ఆరు వేలు దాటలేదు. అవి కూడా చండీగఢ్, గుజరాత్ లాంటి కొద్ది చోట్లే.

ఎందుకు నడవలేదో ఊహించడం కష్టం కాదు. ఆ ఇళ్లు ఖాళీగా పడి ఉండటానికి కారణమే అవి పనికి దూరంగా ఉండటం. సొంతానికి ఇస్తామన్నా రాని మనిషి అద్దెకు ఎలా వస్తాడు? పైగా బాగుచేసి, 25 ఏళ్లు నడిపి, అద్దె వసూలు చేసే బాధ్యతను ప్రైవేటు కంపెనీకి అప్పగించాలనుకున్నారు. కూలీ దగ్గర నెలనెలా మూడు నాలుగు వేలు వసూలు చేసే వ్యాపారంలో కంపెనీకి ఏం మిగులుతుంది? 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టారు. పేరయినా చేరింది, అది మంచిదే. కానీ రాష్ట్రాలు భూమి ఇవ్వకపోతే అది కాగితం దాటదు.

అద్దెకు ప్రభుత్వ సాయం అసలే లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. నెలజీతం వచ్చే ఉద్యోగికి హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు అద్దె రసీదులు పెట్టి ఏటా వేల రూపాయల పన్ను తగ్గించుకుంటారు. హెచ్ఆర్ఏ రానివాళ్లకు కూడా నెలకు 5,000 దాకా మినహాయింపు ఇచ్చే సెక్షన్ ఉంది. అదే పాత విధానంలో ఇల్లు కొనుక్కున్నవాళ్లకు గృహరుణ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు. ఇవన్నీ ఖజానాకు రావలసిన డబ్బే, అంటే ఇవన్నీ గృహ సాయాలే. అందుకోవాలంటే పన్ను కట్టేంత ఆదాయం ఉండాలి. మధ్యతరగతికి ఇవి ఉండకూడదని ఎవరూ అనరు. పన్ను పరిధికి చాలా కింద ఉన్న మనిషికి అద్దె సాయం ఇస్తే సోమరితనం వస్తుందనే మాట మాత్రం న్యాయం కాదు.

ఇలాంటి సమస్యను వందేళ్ల కిందట ఎదుర్కొన్న నగరం ఆస్ట్రియా రాజధాని వియన్నా. మొదటి ప్రపంచయుద్ధం నాటికి కార్మికులు ఇరుకు గదుల్లో కిక్కిరిసి, మంచాలు కూడా గంటల లెక్కన అద్దెకు తీసుకుని బతికిన ఊరు. 1923లో అక్కడి నగరపాలన ఇళ్ల కోసమే ఒక పన్ను వేసింది. చిన్న ఇంటికి నామమాత్రం, పెద్ద భవంతికి భారీగా. ఆ డబ్బుతో 1934లోగా 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే భవన సముదాయం కిలోమీటరుకు పైగా పొడవు, అందులో 1,382 ఇళ్లు. లోపలే బట్టలుతికే చోట్లు, పిల్లల బడులు, గ్రంథాలయం. ఆ ఇళ్లను ఎవరికీ రాసివ్వలేదు, కిరాయికే ఇచ్చారు. ఇప్పుడు 20 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో మునిసిపాలిటీ చేతిలో సుమారు 2.2 లక్షల ఫ్లాట్లున్నాయి. పరిమిత లాభంతో నడిచే సంఘాల చేతిలో ఇంకో రెండు లక్షల దాకా. నగర జనంలో సగం మంది వీటిలోనే ఉంటారు. ఇప్పటికీ జీతాల మీద ఉద్యోగి అర శాతం, యజమాని అర శాతం ఇళ్ల కోసం జమచేస్తారు. ఇంతమంది సర్కారు ఇళ్లలో ఉండటంతో ప్రైవేటు ఓనర్లు కూడా ఇష్టం వచ్చినట్టు కిరాయి పెంచలేరు. ఆ పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. దరఖాస్తు పెట్టాలంటే రెండేళ్లు ఆ ఊళ్లోనే ఉండి ఉండాలి. నిన్నగాక మొన్న వచ్చిన వలస మనిషికి తలుపు వెంటనే తెరుచుకోదు.

బ్రిటన్ దీనికి ఎదురు దారి పట్టింది. 1980లో చట్టం చేసి, స్థానిక సంస్థలు కట్టిన కౌన్సిల్ ఇళ్లలో కిరాయికి ఉన్నవాళ్లకే వాటిని భారీ తగ్గింపుతో అమ్మింది. కొన్నవాళ్లు సంతోషించారు. ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు ఇరవై లక్షల ఇళ్లు అలా వెళ్లిపోయాయి, వాటి స్థానంలో కట్టినవి చాలా తక్కువ. అమ్మిన ఇళ్లలో చాలా వాటిని తర్వాత ప్రైవేటు ఓనర్లు కొని కిరాయికి ఇస్తున్నారు. వాటిలో ఉంటున్న పేదలకు ప్రభుత్వమే అద్దె సాయం ఇస్తోంది. ఒకప్పుడు తనదే అయిన ఇంటికి ప్రభుత్వం ఇప్పుడు అద్దె కడుతోంది. 1970లలో అక్కడ గృహ బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఇళ్లు కట్టడానికి పోయేది, ఇప్పుడు ఎక్కువ భాగం అద్దె సాయానికి పోతోంది. ఇళ్ల సరఫరా పెంచకుండా కేవలం అద్దె డబ్బు పంచితే ఏమవుతుందో ఇది చెబుతుంది: ఆ డబ్బు చివరికి ఓనర్ జేబుకు చేరుతుంది. అమెరికాలో 1974 నుంచి అద్దె వోచర్లున్నాయి. కిరాయిదారు తన ఆదాయంలో సుమారు 30 శాతం కడితే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. సూత్రం బాగుంది కానీ అర్హులైన ప్రతి నలుగురిలో ఒక్కరికే సాయం అందుతోంది. మన డబుల్ బెడ్‌రూం లాటరీకి అది దూరపు చుట్టం.

కాబట్టి ఇళ్లా, డబ్బా అన్న వాదన తప్పు. రెండూ కావాలి, అయితే ప్రజల చేతిలో ఉండే కిరాయి ఇళ్లు ముందుండాలి. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాద్‌లో ఇరుకువాడలు తీసి సామాన్యుల కోసం ఇళ్లు కట్టించి తక్కువ అద్దెకు ఇచ్చింది. తర్వాత వచ్చిన హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లి లాంటి కాలనీలు వేసింది, అప్పటికి విధానం వాయిదాల మీద అమ్మడం వైపు మళ్లింది. కొత్తగూడెం, గోదావరిఖని వెళ్తే సింగరేణి క్వార్టర్లు కనిపిస్తాయి. గని పని చేసినన్నాళ్లు క్వార్టర్, రిటైరయ్యాక ఇంకో కార్మికుడికి. గోడలు చెమ్మగిల్లడం, రిపేరు ఆలస్యం కావడం లాంటి ఫిర్యాదులు ఎప్పుడూ ఉంటాయి. అయినా ఒక క్వార్టర్‌లో మూడు తరాల గని కార్మికులు ఒకరి తర్వాత ఒకరు పిల్లలను పెంచి పెద్ద చేశారు.

నిర్వహణే అన్నిటికన్నా కష్టమైన పని, దాన్ని దాటవేసే ఏ పథకమూ నిలబడదు. పది అంతస్తుల బ్లాక్‌లో లిఫ్టు ఆగితే, మోటారు కాలితే డబ్బు ఎవరిస్తారు? కొల్లూరులో దుకాణాల అద్దెతో నడపాలని ఆలోచించారు. ఇల్లు ఉచితంగా ఇచ్చాక నెలకు వెయ్యి రూపాయల మెయింటెనెన్స్ అడిగితే గొడవే. అదే కిరాయి ఇల్లయితే ఆ ఖర్చు కిరాయిలోనే ఉంటుంది, వసూలు చేసే ఆఫీసు ఉంటుంది, చెయ్యకపోతే నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు.

అద్దె సాయం ఎవరికి ఇవ్వాలో గుర్తించడం అసాధ్యమని అధికారులు అంటుంటారు. 2024 మార్చిలో తెలంగాణలో గృహజ్యోతి అమలైనప్పుడు 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు కిరాయిదారులకూ వర్తింపజేశారు. రేషన్ కార్డు, ఆధార్, మీటర్ నంబర్ కలిపారు. ఒకే మీటర్ మీద నాలుగు గదులున్న చోట ఇబ్బందులు వచ్చిన మాట నిజమే. అయినా ఫలానా ఇంట్లో ఫలానా కుటుంబం కిరాయికి ఉందని ప్రభుత్వం ఒక కాగితం మీద ఒప్పుకుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ ఇళ్ల పన్ను వేసేది కూడా అద్దె విలువను బట్టే, ఏ ప్రాంతంలో చదరపు అడుగుకు ఎంత అన్న పట్టికలు దాని దగ్గరే ఉన్నాయి. పాతబడినా ఉన్నాయి.

చట్టం వైపు చూస్తే తెలంగాణలో ఇంకా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. నగరపాలక సంస్థల్లో నెల అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదని 2005లో సవరించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ డబ్బుకు రేకుల గది దొరకడం కూడా గగనమే. అంటే పేద కిరాయిదారు దాదాపుగా ఆ రక్షణ బయటే ఉన్నాడు. రాతపూర్వక ఒప్పందం లేని నెలసరి కిరాయికి పదిహేను రోజుల నోటీసు చాలు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్స్‌ను రెండు నెలలకు పరిమితం చేసింది, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అంది. బస్తీలో కాగితం రాసిచ్చేలా చేయాలంటే ఓనర్‌కు భయం కన్నా లాభం చూపించాలి. చాలామంది బస్తీ ఓనర్లు కూడా ఆ రెండు గదుల కిరాయి మీదే బతికేవాళ్లు. ఒప్పందం నమోదు చేస్తే ఇంటి పన్నులో తగ్గింపు, రేకుల స్థానంలో స్లాబు వేసుకోవడానికి తక్కువ వడ్డీ రుణం, దానికి బదులుగా ఐదేళ్లు కిరాయి పెంపు మీద హద్దు. ఇలాంటి బేరం కుదిరితే నగరంలో అతి పెద్ద పేదల గృహ సరఫరాదారులైన ఈ చిన్న ఓనర్లూ దారిలోకి వస్తారు.

డబ్బుకు దారి లేకపోలేదు. 1996 నాటి సెస్సు చట్టంతో మొదలై ప్రతి పెద్ద నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు జమవుతూ వచ్చింది. పని జరిగినన్నాళ్లు కార్మికులకు ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని అదే ఏడాది వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోని 34వ సెక్షన్ బిల్డర్లకు చెప్పింది. ఆ వసతి ఇప్పుడు ఎలా ఉందో నార్సింగి, పుప్పాలగూడ వైపు వెళ్లినవాళ్లు రోడ్డు మీద నుంచే చూడొచ్చు: వరసగా నీలం రేకుల షెడ్లు, మధ్యలో ఒక నీళ్ల డ్రమ్ము. సెస్సు నిధిలో కొంత, ప్రతి భూమి వేలంలో పది ఎకరాలకు ఒక ఎకరం, ఆవాస్ యోజన అద్దె విభాగం కింద వచ్చే కేంద్ర వాటా. ఈ మూడూ కలిస్తే ఐటీ కారిడార్‌లోనే, పనికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక గది, వంటిల్లు, సొంత బాత్రూం ఉన్న కిరాయి ఇళ్లు లేస్తాయి. కుటుంబ ఆదాయంలో నాలుగో వంతు మించని కిరాయి, ఏటేటా తిరగరాసే ఒప్పందం, కింద అంతస్తులో కిరాయి తీసుకుని రసీదు ఇచ్చి, కుళాయి చెడితే మనిషిని పంపే ఒక ఆఫీసు. మొదటి విడతకు వెయ్యి ఇళ్లు చాలు. ఆ రసీదు చేతిలో ఉంటే రేషన్ కార్డుకు చిరునామా దొరుకుతుంది, అంగన్‌వాడీలో పిల్ల పేరు ఎక్కుతుంది, వచ్చే జూన్‌లో పెద్దాడి బడి మారాల్సిన పని ఉండదు.